అరికాలు చూడటానికి సూర్ దాకా

ఒమాన్ పోతున్నానని తెలియగానే మా వీధిలో ఒకరు ఖర్జూరాలు తెమ్మన్నారు, ఇంకొకరు అసలైన సాంబ్రాణి తెమ్మన్నారు. స్వరూప మాత్రం ఏమీ తెమ్మనలేదు.

"మా ఆయన కాలు ఒక్కపారి సూసి రాండ్రి మేడం" అంది.

నేను కరీంనగర్‌లో ఫిజియోథెరపిస్టుని. ఇరవై రెండేళ్ళుగా మోకాళ్ళు, నడుములు, చీలమండలే నా లోకం. స్వరూపది ధర్మపురి వైపు పల్లె. వాళ్ళ అత్తమ్మను భుజం నొప్పికని నా దగ్గరికి తీసుకొస్తుండేది. భర్త గంగాధర్ పద్నాలుగేళ్ళుగా గల్ఫ్‌లో పరంజాలు కడతాడు. పైపులు బిగించి, పలకలు పరిచి, మిగతా పనివాళ్ళు ఎక్కడానికి ముందుగా తానే ఎక్కే మనిషి. ఇప్పుడు ఒమాన్‌లో సూర్ అనే ఊళ్ళో ఉన్నాడు.

నా ప్రయాణానికి మూడు వారాల ముందు స్వరూప ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది. అందులో గంగాధర్ పాదం ఫోటో ఉంది. పైనుంచి తీసిన ఫోటో. వాచి ఉంది. "నిచ్చెన దిగుతుంటే మడతవడ్డదట. ఎక్స్‌రే తీసిన్రట. బొక్క ఇరగలేదన్నరట" అంది. నేనప్పుడు ఇంకో పేషెంటు మోకాలికి వ్యాయామం చేయిస్తున్నాను. ఒక చేత్తో ఫోన్ పట్టుకుని మహా అయితే ఐదు సెకన్లు చూసి ఉంటాను. "బెణుకు చెల్లె. రెండు రోజులు ఐసు పెట్టుమను. ఆ తర్వాత మంచం పట్టకుండ నడువుమను. మూడు వారాలల్ల మామూలయితది" అన్నాను.

మూడు వారాలయింది. మామూలు కాలేదు. అందుకే కాలు చూసి రమ్మంటోంది. సరేనన్నాను గానీ, ఆమె వెళ్ళాక ఆ ఫోటో మళ్ళీ తెప్పించుకుని చూశాను. ఈసారి ఐదు నిమిషాలు చూశాను. వాపు చీలమండ దగ్గర లేదు. మీగాలి మీద ఉంది. చీలమండ బెణికితే సాధారణంగా అక్కడ వాచదు.

అజైబా

మస్కట్‌లో అజైబా అనే చోట మా చెల్లెలు మాధవి ఉంటుంది. ఆమె భర్త ప్రసాద్‌ది కాకినాడ. భవనాల డిజైన్ ఇంజనీరు. మాది కరీంనగర్ మాట, ఆయనది గోదావరి మాట. పెళ్ళయిన కొత్తలో ఇద్దరి మధ్యా నేను దుబాసీగా ఉండేదాన్ని.

"వదినగారూ, ఇక్కడ హారన్ కొట్టడమంటే అవతలవాణ్ణి తిట్టడమేనండి" అన్నాడు ప్రసాద్, విమానాశ్రయం నుంచి తీసుకెళ్తూ. నిజమే. అరగంట దారిలో ఒక్క హారన్ వినపడలేదు. మా ఊరి బస్టాండు ముందు నిలబడి పెరిగిన చెవులకు ఏదో తేడా చేసినట్టు అనిపించింది. ఇళ్ళన్నీ తెల్లగానో, గోధుమ రంగులోనో ఉన్నాయి. వాటి వెనక గడ్డిపోచ లేని కొండలు. చెట్టు లేని కొండ కూడా అందంగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

మర్నాడు పొద్దున్నే సముద్రం ఒడ్డుకు నడకకు వెళ్ళాం. జనవరి చలి అంటే అక్కడ మన కార్తీకం లాంటిది. దిష్‌దాషాలనే తెల్లటి పొడుగు అంగీలు వేసుకున్న ఒమానీ పెద్దవాళ్ళు, ట్రాక్ సూట్లలో మలయాళీలు, ఫిలిప్పీన్స్ అమ్మాయిలు అంతా చకచకా నడుస్తున్నారు. అందరూ సముద్రం చూస్తుంటే నేను కాళ్ళు చూస్తున్నాను. ఎవరి మడమ లోపలికి వంగుతోంది, ఎవరు ఒక కాలి మీద బరువు తగ్గించి వేస్తున్నారు... వద్దనుకున్నా ఆగదు ఈ అలవాటు.

"అక్కా, సెలవుల మీదొచ్చినవు గద. తల పైకెత్తు" అంది మాధవి.

మత్రా

మత్రా పాత రేవు. అక్కడి బజారుకు పైన కప్పు ఉంటుంది. సందులు ఇరుకు. అడుగు పెట్టగానే సాంబ్రాణి పొగ గొంతులో తీపిగా తగులుతుంది. చిన్న డబ్బా సాంబ్రాణి రెండు రియాళ్ళన్నారు. ప్రసాద్ మొహమాటపడుతుంటే మాధవి హిందీలో బేరమాడి ఒకటిన్నరకు తెచ్చింది. రియాల్ అంటే మన రెండు వందల రూపాయల పైమాట కాబట్టి ప్రతి వస్తువునీ మనసులో గుణించుకుంటూ ఆ బజారంతా తిరిగాను. గుణించినకొద్దీ సంచీ తేలికయింది.

చెప్పులమ్మే కొట్టొకటి కనిపించింది. యజమాని గుజరాతీ. తాతల కాలం నుంచి అక్కడే ఉన్నారట. స్టూలు వేసి కూర్చోమన్నాడు. నేను అలవాటుగా కాలు మీద కాలు వేసుకున్నాను. ఎదురుగా ఒక ఒమానీ పెద్దాయన కూర్చుని చెప్పు కొలత చూసుకుంటున్నాడు. కొట్టాయన నా పక్కకు వంగి మెల్లగా అన్నాడు: "బెహన్‌జీ, కాలు కొంచెం దించండి. ఇక్కడ అరికాలు ఎదుటి మనిషివైపు చూపించరు. అగౌరవం అనుకుంటారు."

గబుక్కున దించాను. పెద్దాయన గమనించి, ఫరవాలేదన్నట్టు చెయ్యి ఊపి, తన పక్కనున్న ఫ్లాస్కులోంచి చిన్న గిన్నెలో కహ్వా పోసి ఇచ్చాడు. కహ్వా అంటే పాలూ చక్కెరా లేని, యాలకుల వాసన వేసే పల్చటి కాఫీ. దాంతోపాటు ఒక ఖర్జూరం. మన దగ్గర తప్పు చేసిన మనిషికి ముందు నాలుగు మాటలు పడతాయి. అక్కడ కాఫీ దొరికింది.

సూర్ దారిలో

శుక్రవారం సెలవు. ప్రసాద్ కారులో ముగ్గురం సూర్ బయల్దేరాం. ఒక పక్క కొండలు, ఒక పక్క నీలం సముద్రం. రెండు గంటల దారి. మధ్యలో ఒక వాది దగ్గర ఆగాం. వాది అంటే కొండల నడుమ ఏరు పారే లోయ. పడవలో అటు ఒడ్డుకు దాటించడానికి మనిషికి ఒక రియాల్. పడవ ప్రయాణం రెండు నిమిషాలు. ఆ తర్వాత రాళ్ళ మీద నడక.

నా పేషెంట్లందరికీ నేను చెప్పే మొదటి మాట, వెనక పట్టీ లేని చెప్పులతో ఎగుడుదిగుళ్ళలో నడవొద్దని. ఆ రోజు నా కాళ్ళకున్నవి మత్రాలో కొన్న కొత్త చెప్పులు. వెనక పట్టీ లేనివి. పావుగంట నడిచానో లేదో గుండ్రాయి మీద జారి కుడి చీలమండ లోపలికి మడత పడింది. "అమ్మా" అని అక్కడే కూలబడ్డాను.

పక్కనే చాప పరుచుకుని ఒక ఒమానీ కుటుంబం భోజనానికి సిద్ధమవుతోంది. అందరికంటే ముందు లేచింది వాళ్ళ నాయనమ్మ. నల్లటి వస్త్రాల్లో, చేతినిండా గోరింటాకుతో, డెబ్భై దాటిన మనిషి. నేను వద్దంటున్నా వినకుండా నా పాదాన్ని తన ఒళ్ళో పెట్టుకుంది. వాళ్ళ ఐసు పెట్టెలోంచి మంచుముక్కలు గుడ్డలో కట్టించి చీలమండ మీద అదిమింది. ఆమె కొడుక్కి హిందీ వచ్చు. నాకంటే బాగా వచ్చు. వాళ్ళ నాన్న ఓడల్లో బొంబాయి వెళ్ళి వస్తుండేవాడట. "అమ్మ అడుగుతోంది, ఎక్కడ నొప్పి అని. వేలు పెట్టి చూపించమంటోంది" అన్నాడు.

వేలు పెట్టి చూపించాను. చీలమండ బయటి గుబ్బకు ముందు భాగంలో, మెత్తటి చోట. ఆ తర్వాత నా పని నేనే చేసుకున్నాను. రెండు గుబ్బల వెనక అంచులు కింది నుంచి పైకి నొక్కి చూశాను. ఎముక మీద నొప్పి లేదు. మీగాలి బయటి అంచు నొక్కాను, లోపలి అంచు నొక్కాను. లేదు. మాధవి భుజం పట్టుకుని లేచి నాలుగడుగులు వేశాను. కుంటాను గానీ వేయగలిగాను. అంటే ఎముక విరగలేదు, ఎక్స్‌రే అవసరం లేదు, ఉత్త బెణుకు. గట్టిగా కట్టు కట్టుకుంటే వారంలో తగ్గుతుంది.

వాళ్ళు మమ్మల్ని భోజనం చేయకుండా కదలనివ్వలేదు. ఒకే పెద్ద పళ్ళెంలో అన్నం, మీద కాల్చిన చేప, పక్కన నిమ్మకాయ, టమాటా పచ్చడి. అందరి చేతులూ ఆ పళ్ళెంలోనే. చేప ముళ్ళు తీసి తీసి నాయనమ్మ నా వైపుకు తోస్తోంది. తింటున్నానన్న మాటేగానీ నా మనసు అక్కడ లేదు. చదువు లేని ఆ ముసలామె కూడా ముందు కాలు ఒళ్ళోకి తీసుకుని, ఎక్కడ నొప్పి అని అడిగింది. గంగాధర్‌ను నేను అదొక్కటీ అడగలేదు.

సూర్

పనివాళ్ళ క్యాంపులోకి ఆడవాళ్ళను రానివ్వరు. అందుకని సముద్రం ఒడ్డున మలయాళీల టీ కొట్టు దగ్గర కలుద్దామనుకున్నాం. గంగాధర్ తన రూమ్‌మేట్ రఫీక్‌తో వచ్చాడు. రఫీక్ బంగ్లాదేశీ, ఒకే గదిలో నాలుగేళ్ళుగా ఉంటున్నారు. గంగాధర్‌కి నలభై రెండేళ్ళుంటాయి. ఎండకు నల్లబడిన మొహం, గట్టి భుజాలు. ఎడమ పాదాన్ని బయటికి తిప్పి, ముందు భాగం నేలకు ఆనకుండా మడమ మీదే నడుస్తున్నాడు. నేను కుడికాలు ఈడుస్తూ ఎదురెళ్ళాను. టీ కొట్టాయన మా ఇద్దర్నీ చూసి ఏమనుకున్నాడో, రెండు కుర్చీలు తెచ్చి వేశాడు.

"మీరు చెప్పినట్టే చేసిన మేడం" అన్నాడు గంగాధర్ కూర్చోగానే. "రెండొద్దులు ఐసు వెట్టిన. అటెన్క రోజు పొద్దుగాల, పొద్దుమీకి క్యాంపు సుట్టు నడుస్తున్న. నొస్తున్నా నడుస్తున్న. మొన్న క్లినిక్‌ల ఫిట్ అని రాసిచ్చిన్రు. ఎల్లుండి ఆదివారం నుంచి డ్యూటీ."

"పైకెక్కుడా?"

"నా పనే అది గద మేడం."

కరక్ చాయ్ వచ్చింది. చిక్కటి పాలు, యాలకులు, కప్పు రెండు వందల బైసాలు, అంటే రియాల్‌లో ఐదో వంతు. తాగాలనిపించలేదు. కారు తలుపు తెరిచి వెనక సీట్లో అతన్ని కూర్చోబెట్టి, కింద స్టూలు వేసుకుని కూర్చుని పాదాన్ని ఒళ్ళోకి తీసుకున్నాను. "అయ్యో మేడం, కాలు మీ ఒళ్ళె వెట్టుడేంది" అని గుంజుకోబోయాడు. "నా పనే ఇది గద తమ్మీ" అన్నాను.

చీలమండ గుబ్బలు నొక్కాను. నొప్పి లేదన్నాడు. అటూ ఇటూ వంచాను. లేదన్నాడు. మీగాలి నడుమ, బొటనవేలి ఎముకా రెండో వేలి ఎముకా మొదలయ్యే చోట బొటనవేలితో అదిమాను. పెద్దగా బలం పెట్టలేదు. గంగాధర్ కారు తలుపును రెండు చేతులా పట్టుకున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. మడమను ఒక చేత్తో కదలకుండా పట్టుకుని ముందు పాదాన్ని కొంచెం తిప్పాను. "వద్దు మేడం" అన్నాడు.

దింపి నిలబెట్టాను. "ఎడమ కాలొక్కదాని మీద నిలవడి మునివేళ్ళ మీదికి లే."

ప్రసాద్ భుజం పట్టుకుని ప్రయత్నించాడు. మడమ నేల నుంచి వెంట్రుకవాసి కూడా లేవలేదు.

"దెబ్బ ఎట్ల తాకిందో మొత్తం చెప్పు" అన్నాను. నిచ్చెన దిగుతుంటే పాదం ముందు భాగం రెండు పైపుల నడుమ ఇరికిందట. అది అక్కడే ఉండిపోగా మనిషి మొత్తం వెనక్కి ఒరిగాడట. మూడు వారాల కింద ఈ ఒక్క ముక్క అడిగి ఉంటే బెణుకు అనేదాన్ని కాదు.

"అరికాలు ఎప్పుడన్న నల్లవడ్డదా?"

"నేను సూసుకోలే మేడం."

"క్లినిక్‌ల సూసిన్రా?"

"లే. పైనుంచే సూసిన్రు. నేను గూడ సూపియ్యలే. పెద్దమనుషుల ముంగట అరికాలు ఎత్తుడు ఇక్కడ మర్యాద గాదు."

రఫీక్‌కి మా మాటలు అర్థం కాకపోయినా గంగాధర్ చెయ్యి అరికాలి వైపు వెళ్ళడం చూసి, తన ఫోన్ తీశాడు. దెబ్బ తగిలిన మర్నాడు సూపర్‌వైజర్‌కి పంపడానికి అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీశాడట. గంగాధర్ నిద్రలో ఉండగా తీసినది ఒకటి చూపించాడు. అరికాలు నడుమ, గుంటలో, నేరేడుపండు రంగులో పెద్ద మచ్చ.

 పాదం నడిమిలో ఎముకలను కలిపి పట్టుకునే గట్టి నరంలాంటి కట్టు ఒకటుంటుంది. అది తెగితే పాదం కమాను విడిపోతుంది. తెగినప్పుడు రక్తం కిందికి దిగి అరికాల్లో ఆ మచ్చ పడుతుంది. పడుకోబెట్టి ఎక్స్‌రే తీస్తే చాలాసార్లు అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. బరువు పడితేగానీ ఎముకలు జరగవు. బెణుకనుకుని నడిపిస్తే ఇంకా జరుగుతాయి. వదిలేస్తే జన్మంతా కుంటడమే.

"తమ్మీ, ఇది బెణుకు కాదు. లోపల కట్టు తెగినట్టున్నది. ఆపరేషన్ పడొచ్చు. నువ్వు ఎల్లుండి పైకెక్కొద్దు. ఒక్క అడుగు గూడ ఆ కాలు మీద బరువెయ్యద్దు."

గంగాధర్ ఎడమ పాదాన్ని నేల మీంచి పైకి లేపాడు. "మరి నడువుమన్నది మీరే గద మేడం" అన్నాడు.

"ఔ. నేనే అన్న. ఫోటో సూసి చెప్పిన. తప్పు చెప్పిన."

గంగాధర్ ముఖం తిప్పుకున్నాడు. అరిచినా బాగుండేది. ప్రసాద్ నా వెనక ఇబ్బందిగా కదిలాడు.

అక్కడి నుంచే స్వరూపకు వీడియో కాల్ చేశాను. ఇద్దరి ముందూ మొత్తం చెప్పాను, నా తప్పుతో సహా. ఆమె మొహంలో రంగు మారడం చిన్న తెర మీద కూడా తెలిసింది. అయినా ఇలా అంది:

"తప్పు సంగతి మీరు ఇంటికచ్చినంక మాట్లాడుకుందాం మేడం. రేపు దవఖానకు ఎట్ల పోవాలె, అది చెప్పుండ్రి." తర్వాత భర్తతో, "ఎల్లుండి నువ్వు పైకెక్కినవంటే నీతోటి నేను మాట్లాడ" అంది.

ఆ రాత్రికి సూర్‌లోనే హోటల్లో ఆగాం. ఏడింటికి రఫీక్ స్టీలు డబ్బా ఒకటి తెచ్చి ఇచ్చి వెళ్ళాడు. మూత తీస్తే అన్నం, ఎండుచేపల కూర, పచ్చిపులుసు. కాలు కదపకుండా కుర్చీలో కూర్చునే వండాడట గంగాధర్. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ సన్నగా తరిగి, పచ్చిమిరపకాయ కాల్చి వేశాడు. మాధవి ఒక ముద్ద తిని, "అచ్చం మన ఇంట్లదే" అంది. నేను సగంలోనే ఆగి కళ్ళు తుడుచుకున్నాను. కారం ఎక్కువైందన్నాను.

నిలబడి తీసిన ఎక్స్‌రే

శనివారం పొద్దున ఎముకల డాక్టరున్న ఆసుపత్రికి తీసుకెళ్ళాం. వేరే దేశంలో నేను వైద్యం చేయకూడదు, మందు రాయకూడదు. తోడొచ్చిన మనిషిని, అంతే. డాక్టర్ రహ్మా ఒమానీ అమ్మాయి. ముప్పై ఐదేళ్ళుంటాయి. అబాయా అనే నల్లటి పొడుగు అంగీ కింద పరుగుపందెం బూట్లు. క్లినిక్ ఎక్స్‌రే చూసి, "ఇందులో ఏమీ లేదు. బెణుకని ఎవరు చెప్పారు?" అంది ఇంగ్లీషులో.

"మొదట క్లినిక్. రెండోది నేను. ఫోన్లో ఫోటో చూసి" అన్నాను.

ఆమె నన్ను ఒకసారి పరిశీలనగా చూసింది. తిడుతుందనుకున్నాను. "నేనూ ఒకసారి ఇలాంటిదే వదిలేశాను" అంది. "అది మా తమ్ముడి కాలు. ఫుట్‌బాల్ ఆడి వచ్చాడు. ఇంట్లో వాళ్ళ కాళ్ళు మనం సరిగ్గా చూడం కదా. అప్పటి నుంచీ ప్రతి వాచిన పాదాన్నీ తిప్పి అరికాలు చూస్తాను." రఫీక్ ఫోటో చూపించాను. వెంటనే కాగితం మీద మళ్ళీ ఎక్స్‌రే రాసింది. రెండు పాదాలకూ, నిలబెట్టి, పూర్తి బరువుతో.

చెప్పడానికి తేలికే. ఆ కాలి మీద బరువు వేసి కదలకుండా నిలబడాల్సింది గంగాధరే. గది బయట అద్దంలోంచి చూస్తున్నాను. చిన్న మెట్టు మీద నిలబడ్డాడు. దవడ బిగించాడు. రెండు చేతులూ గాల్లో, దేన్నీ పట్టుకోకుండా. ఎత్తుల మీద నిలబడే అలవాటున్న ఒళ్ళు కాబట్టి ఒరగలేదు. మూడుసార్లు తీశారు. దిగి కుర్చీలో పడి, "అయ్యిందా మేడం?" అన్నాడు.

తెర మీద రెండు పాదాలూ పక్కపక్కన. కుడి పాదంలో మొదటి రెండు ఎముకలూ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. ఎడమ పాదంలో వాటి మధ్య బియ్యపుగింజ దూరేంత సందు. గంగాధర్‌కి బొమ్మ చదవడం రాకపోయినా అతనికే మొదట అర్థమైంది. "క్లాంపు లూజయినట్టున్నది" అన్నాడు. పరంజా పైపులను కలిపి పట్టే ఇనుప బిగింపు అది. అంతకంటే బాగా నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేకపోయాను.

"నాలుగో వారం నడుస్తోంది. ఇప్పుడైతే సరిచేసి స్క్రూలు బిగించవచ్చు. ఇంకో రెండు నెలలు ఆగితే ఆ కీళ్ళను శాశ్వతంగా అతికించేయాల్సి వచ్చేది" అంది డాక్టర్ రహ్మా. మస్కట్‌లో తన గురువుగారి దగ్గరికి పంపుతానంది. అయితే పని దగ్గర తగిలిన దెబ్బ అని కంపెనీ సంతకం చేయాలి.

సూపర్‌వైజర్ బిజు మధ్యాహ్నం వచ్చాడు. త్రిస్సూర్ మనిషి. "క్లినిక్ ఫిట్ ఇచ్చింది కదా, రేపు మనుషులు తక్కువున్నారు" అన్నాడు హిందీలో, నిలబడే. డాక్టర్ రహ్మా వాదించలేదు. కుర్చీ చూపించి, తెరను అతని వైపు తిప్పింది. ఒక పాదం, ఇంకో పాదం. బిజు ముందుకు వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. నెత్తి మీద టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"గంగాధర్, నీకు పని ఎగ్గొట్టే బుద్ధి పుట్టిందనుకున్నాను. పద్నాలుగేళ్ళుగా ఈ పని చేస్తున్న మనిషివి. అలా అనుకోకుండా ఉండాల్సింది" అన్నాడు. సంతకం పెట్టి, వెళ్ళేముందు బయటి కొట్టు నుంచి పళ్ళరసం తెచ్చి గంగాధర్ చేతికిచ్చాడు. పోతూ పోతూ నన్ను అడిగాడు: "మేడం, మళ్ళీ పైకెక్కుతాడా?"

"ఎముకలు కుదురుకుంటే ఎక్కుతాడు. నాలుగు నెలలో, ఆరు నెలలో చెప్పలేను. తొందరపెట్టకండి" అన్నాను. చూడకుండా చెప్పే మాటలు ఇక నా నోట రావనుకున్నాను.

మళ్ళీ మస్కట్

మంగళవారం ఆపరేషన్ అయింది. బుధవారం, గురువారం ఆసుపత్రికి వెళ్ళి కూర్చున్నాను. నా చీలమండ అప్పటికి రంగులు మారి, పసుపుపచ్చగా తేలి, నడక దాదాపు సరయింది. నిజమైన బెణుకు అంటే అలా ఉంటుంది. రోజురోజుకీ కొంచెం కొంచెం తగ్గుతూ పోతుంది.

గంగాధర్ పక్క మంచం మీద ఒక ఒమానీ జాలరి. పడవ మీద నుంచి రేవులోకి దూకి మడమ ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆయన్ని చూడటానికి రోజూ పది మంది వస్తారు. మగవాళ్ళు ముక్కుకు ముక్కు తాకించి పలకరించుకుంటారు. కహ్వా, ఖర్జూరాలు, హల్వా వార్డంతా తిరుగుతాయి. ఆ హల్వా మన హల్వా కాదు. ముదురు గోధుమ రంగులో, చెంచాకు సాగుతూ, కుంకుమపువ్వు వాసనతో ఉంటుంది. గంగాధర్‌ని చూడటానికి మేం ముగ్గురమే. కానీ ఆ పది మందీ ఈ మంచం దగ్గరికి కూడా వచ్చి, "కైఫ్ హాలక్?" అని బాగోగులు అడిగి, చేతిలో హల్వా పెట్టి వెళ్ళేవారు. మా ఊరి ఆసుపత్రుల్లోనూ పక్క మంచానికి ఇడ్లీలు పంచుతాం. ఆ ఒక్క విషయంలో నాకు తేడా కనిపించలేదు.

గురువారం అక్కడి ఫిజియోథెరపిస్టు, లీనా అనే ఫిలిప్పీన్స్ అమ్మాయి, గంగాధర్‌కి చంకకర్రలతో నడక నేర్పడానికి వచ్చింది. నేను పక్కన నిలబడి తెలుగులో చెప్తున్నాను. "ఆరు వారాలు ఆ కాలు నేలకు ఆనొద్దు. వేళ్ళు మాత్రం ఆడించాలె. పండుకున్నప్పుడు కాలు గుండెకంటె ఎత్తుల ఉండాలె."

నడవా చివర చెక్కతో చేసిన మూడు మెట్లున్నాయి. లీనా చూపించినట్టు అతనికి చెప్పాను. "ఎక్కేటప్పుడు మంచికాలు ముందు. దిగేటప్పుడు కర్రలూ దెబ్బకాలూ ముందు."

గంగాధర్ ఆ మూడు మెట్ల ముందు ఆగిపోయాడు. కిందికీ పైకీ చూశాడు. నవ్వొచ్చింది అతనికి. "పదంతస్తుల ఎత్తు ఎక్కిన మేడం. గిట్ల ఆలోచించుకుంట ఎక్కుడు ఇదే మొదలు."

ఎక్కాడు. మంచికాలు, తర్వాత కర్రలు. ఒకటి. రెండు. మూడు. పైన నిలబడి వెనక్కి తిరిగేసరికి జాలరి చుట్టాలంతా గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. ఒకాయన చప్పట్లు కొట్టాడు. గంగాధర్ సిగ్గుపడి తల వంచుకున్నాడు.

వెళ్ళొస్తానని చెప్పినప్పుడు, "మీరు రాకపోతే నేను ఆదివారం ఎక్కుతుంటి మేడం" అన్నాడు. నేను ఫోన్లో అలా చెప్పకపోతే అతను మూడు వారాలు నడిచేవాడే కాదు. ఆ రెండూ నిజాలే. రెండో మాట అతను అనలేదు.

ఇంటికొచ్చాక

స్వరూప వచ్చింది. అన్నట్టే మాట్లాడింది. "మీరు ఫోన్ల చెప్పిన మాట మా ఇంట్ల దేవుని మాట లెక్క మేడం. జర జాగర్తగ చెప్పుండ్రి" అంది. చేతులు కట్టుకుని విన్నాను. ఆ తర్వాత ఇద్దరం టీ తాగాం.

ఇప్పుడు గల్ఫ్ నుంచి ఎవరైనా ఫోటో పంపిస్తే బెణుకని చెప్పను. ఎక్కడ వేలు పెడితే నొప్పో, నాలుగడుగులు వేయగలరో లేదో, అరికాల్లో మచ్చుందో లేదో అడుగుతాను. మీగాలి నడుమ నొప్పి అంటే, అక్కడే డాక్టరు దగ్గర నిలబడి ఎక్స్‌రే తీయించుకోమంటాను. ఈ నాలుగు ముక్కలు మీకూ పనికొస్తాయనే ఇంత వివరంగా రాశాను.

గంగాధర్ ఆరు వారాలు కర్రల మీద, ఆ తర్వాత కొన్నాళ్ళు పెద్ద బూటుతో నడిచాడు. బిజు అతన్ని సామాన్లు ఉంచే యార్డులో కూర్చోబెట్టి, వచ్చిన పైపులూ క్లాంపులూ బాగున్నాయో లేదో చూసే పని ఇచ్చాడు. ఆపరేషనయి ఆరు నెలలు దాటాయి. పోయిన వారం డాక్టర్ రహ్మా చూసి, మొదటి అంతస్తు దాకా ఎక్కొచ్చని రాసిచ్చిందట. అదే రోజు మధ్యాహ్నం ఫోన్ చేశాడు. గాలి హోరులో గొంతు సరిగ్గా వినపడలేదు.

"ఎక్కిన మేడం. మొదటి పలక మీద నిలవడ్డ. బిజు కింద నిలవడి సూస్తుండు, పడ్తనేమోనని."

"నొప్పున్నదా?"

"పొద్దుగాల కొంచెం బిర్రుగ వట్టేసినట్టుంటది. నడిస్తె పోతది."

"ఆ ఎత్తుల ఏం కనవడ్తది తమ్మీ?"

"ఏం లేదు మేడం. యార్డు గోడ, దానవతల సముద్రం." గాలి హోరుకు గొంతు పెంచాడు. "ఆరు నెలల సంది గోడొక్కటే అవుపడ్డది."